పాత బండి, రాత్రంతా పెట్రోల్ వాసన, కింద మాత్రం ఒక్క చుక్క లేదు

నాన్నబండి98
మూడు నెలలుగా ఒకటే సమస్య, ఎవరైనా దారి చూపించండి. బండి 1998 మోడల్, 100 సీసీ ఫోర్ స్ట్రోక్, మామూలు కార్బ్యురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి పంపేది), చేత్తో తిప్పే పెట్రోల్ ట్యాప్. నాన్న పద్దెనిమిదేళ్లు నడిపారు, ఇప్పుడు నా దగ్గరుంది. రాత్రి మెట్ల కింద గదిలో పెట్టి తలుపేస్తాను. పొద్దున తలుపు తీయగానే వాసన గుప్పుమంటోంది. కింద చూస్తే చుక్క లేదు, మరక లేదు. అట్టముక్క పరిచి చూశాను, తెల్లారేసరికి పొడిగానే ఉంది.

మెకానిక్ దగ్గరికి మూడుసార్లు తీసుకెళ్లాను. మొదటిసారి ఫ్లోట్ నీడిల్, అంటే కార్బ్యురేటర్‌లోకి వచ్చే పెట్రోల్‌ని ఆపే సూది, మార్చారు. రెండోసారి కార్బ్యురేటర్ కప్పు (అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) వాషర్ మార్చారు. మూడోసారి "పాత బండి కదా, ఆ మాత్రం వాసన ఉంటుంది" అన్నారు. స్టార్టింగ్ బాగుంది, పికప్ బాగుంది. ఇంట్లో చిన్నపిల్ల ఉంది, వాసన మెట్ల మీదుగా పైకి వస్తోంది. బండి అమ్మేయమని అందరూ అంటున్నారు. నాకు ఇష్టం లేదు.

కిక్‌రాడ్
కార్బ్యురేటర్ ఓవర్‌ఫ్లో. నీడిల్ మార్చారు సరే, అది కూర్చునే సీటు సంగతి? సీటు మీద మురికి పేరుకుంటే కొత్త నీడిల్ కూడా ఆనదు.

నాలుగోగేరు
ట్యాంకు మూత వాషర్ చూశారా? నా బండిది ఎండి బీటలు వారింది. ట్యాంకు నిండా కొట్టించి ఎండలో పెడితే మూత చుట్టూ చెమ్మ కనబడేది. వాషర్ మార్చాక పోయింది.

రెంచి12
కారణాల సంగతి తర్వాత. ముందు ఆ గదిలో ఏమేం ఉన్నాయో చెప్పండి. స్విచ్ బోర్డు, నీళ్ల మోటారు, ఫ్రిజ్ లాంటివి ఉన్నాయా?

పెట్రోల్ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. నేలబారుగా పరుచుకుని మూలల్లో నిలిచిపోతుంది. మేడ మీదికే వాసన తెలుస్తోందంటే కింద ఇంకెంత ఉందో ఊహించుకోండి. గాలిలో 1.4 శాతం ఆవిరి చేరితే చాలు, స్విచ్ వేసినప్పుడు వచ్చే చిన్న మెరుపుకే అంటుకుంటుంది. చలిగా ఉంది కదా అనుకోవడానికి లేదు, మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోల్ మండేంత ఆవిరి వదులుతుంది.

కాబట్టి ఇవాళే బండిని ఆరుబయట పెట్టండి. పొద్దున గది తలుపు తీశాక లైటు వేయకండి. తలుపులు బార్లా తెరిచి, వాసన పోయాకే లోపలికి వెళ్లండి.

నాన్నబండి98
నీళ్ల మోటారు స్విచ్ అక్కడే ఉంది రెంచి గారూ. తలుపు పక్కనే. రోజూ పొద్దున వెళ్లేది దాన్ని వేయడానికే. ఇప్పుడు చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. బండి బయటికి తెచ్చేశాను.

రెంచి12
మంచి పని చేశారు. ఇప్పుడు మూడు ప్రశ్నలు.
రాత్రి ట్యాప్ ఆపుతారా, తెరిచే ఉంచుతారా?
వాసన రోజూ ఒకేలా ఉంటుందా, ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుందా?
సైడ్ స్టాండా, మెయిన్ స్టాండా?

చోక్‌లాగు
నాలుగో ప్రశ్న నాది. ఇంజిన్ ఆయిల్ గేజీ తీసి వాసన చూశారా? ఫ్లోట్ నీడిల్ లీకైతే పెట్రోల్ ప్రతిసారీ బయటికే రాదు, కొన్ని బళ్లలో ఇన్‌టేక్ గొట్టం గుండా ఇంజిన్‌లోకి దిగిపోతుంది. అప్పుడూ కింద చుక్క కనబడదు. ఆయిల్ లెవెల్ పెరిగినా, ఆయిల్ నీళ్లలా పలచబడినా అదే. ఒకవేళ కిక్ రాడ్ మధ్యలో రాయిలా ఆగిపోతే బలవంతంగా తొక్కొద్దు. సిలిండర్‌లో పెట్రోల్ నిండి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

కిక్‌రాడ్
నా పేరు పెట్టుకున్న వస్తువు గురించి మంచి మాట చెప్పారు 🙂 నిజమే, మా మామయ్య బండికి అలా అయింది. స్పార్క్ ప్లగ్ విప్పి కిక్ కొడితే పెట్రోల్ ఫౌంటెన్‌లా వచ్చింది.

చోక్‌లాగు
ప్లగ్ విప్పి కొట్టేటప్పుడు ప్లగ్ క్యాప్‌ని ఆ రంధ్రానికి దూరంగా పెట్టాలి, తాళం ఆఫ్‌లో ఉండాలి. అక్కడ ఒక్క స్పార్క్ చాలు.

నాన్నబండి98
ఆయిల్ చూశాను. లెవెల్ సరిగ్గా ఉంది, పెట్రోల్ వాసన లేదు.
ట్యాప్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఆపే అలవాటు లేదు.
ఎప్పుడూ సైడ్ స్టాండే.
వాసన రోజూ ఒకేలా ఉందో లేదో గమనించలేదు. గుర్తు చేసుకుంటే కొన్ని రోజులు అసలు లేనట్టే అనిపిస్తోంది. అప్పుడు మెకానిక్ చేసింది పనిచేసింది అనుకునేవాణ్ణి, మళ్లీ మొదలయ్యేది.

గాలివాటం
ఇథనాల్ కలిసిన పెట్రోల్ వల్లే ఇదంతా. పాత బళ్ల రబ్బర్లు దానికి తట్టుకోవు. మొత్తం రబ్బర్లన్నీ ఒకేసారి మార్చేయండి, వాసన పోతుంది.

రెంచి12
గాలివాటం గారూ, సగం ఒప్పుకుంటాను. పాత రబ్బరు రకాలు ఇథనాల్‌కి ఉబ్బుతాయి, తర్వాత ఆరి బిరుసెక్కుతాయి. కానీ లీకు ఎక్కడుందో తెలియకుండా అన్నీ మార్చేస్తే ఇప్పటికి జరిగినదే నాలుగోసారి జరుగుతుంది. ఈయన బండికి నీడిల్, వాషర్ మార్చింది కూడా ఊహ మీదే కదా. ముందు లీకు ట్యాప్‌కి పైన ఉందా, కింద ఉందా తేల్చాలి.

నాన్నబండి గారూ, ఇవాళ రాత్రి ట్యాప్ ఆఫ్ చేసి పడుకోండి. ఇంకో పని కూడా. ట్యాప్ ఆపాక ఇంజిన్‌ని దానంతటది ఆగేదాకా నడవనివ్వండి. కార్బ్యురేటర్ కప్పులో పెట్రోల్ అయిపోతుంది. అప్పుడు తెల్లారి వాసన వస్తే కార్బ్యురేటర్ పాపం ఏమీ లేనట్టే. రేపు రాత్రి ట్యాప్ తెరిచి పెట్టండి. రెండు రాత్రులూ ట్యాంకులో ఎంత పెట్రోల్ ఉందో రాసిపెట్టుకోండి.

సైలెన్సర్
వాసన చూసే పద్ధతి గురించి ఒక మాట. నడిపి వచ్చిన వెంటనే చూస్తే అంతా వేడిగా ఉండి ప్రతిచోటా పెట్రోల్ వాసనే వస్తుంది. బండి పూర్తిగా చల్లారాక, గాలి లేని చోట, పైనుంచి కిందికి ముక్కు పెట్టుకుంటూ రండి. మూత దగ్గర మొదలుపెట్టి ట్యాప్, పైపు, కార్బ్యురేటర్ వరసగా. ఆవిరి కిందికి జారుతుంది కాబట్టి కింద ఎక్కడ చూసినా వాసన ఉంటుంది. వాసన మొదలయ్యే అన్నిటికన్నా పై చోటు పట్టుకోవాలి. మధ్యమధ్యలో దూరంగా వెళ్లి మంచి గాలి పీల్చుకోండి, లేకపోతే రెండు నిమిషాల్లో ముక్కు మొద్దుబారుతుంది, తలనొప్పి కూడా.

సీటుకవరు
కొత్తగా కొనే బళ్లకి ఈ బాధ ఉండదా?

సైలెన్సర్
ఇప్పటి బళ్లకి ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా ఉంటుంది. ఆ ఆవిరి ఇంజిన్ నడిచేటప్పుడు లోపలికి పోయి కాలిపోతుంది. పాత బళ్లకి మూతలో ఉన్న చిన్న రంధ్రమే గాలి దారి, నేరుగా బయటికే. అందుకని మూత దగ్గర కొద్దిపాటి వాసన పాత బండికి మామూలే. గది నిండేంత వాసన మాత్రం మామూలు కాదు.

ఎర్రహెల్మెట్
ఆ రంధ్రం లోంచే వస్తుంటే దాన్ని మూసేస్తే సరి. నేను ఎపాక్సీ (గట్టిపడే జిగురు) ముద్ద పెట్టి మూసేశాను.

నాలుగోగేరు
అయ్యో, అలా చేయకండి. పెట్రోల్ కిందికి దిగాలంటే పైనుంచి గాలి లోపలికి పోవాలి. అది మూస్తే కొన్ని కిలోమీటర్లకి బండి పెట్రోల్ అందక ఆగిపోతుంది. నడిరోడ్డు మీద, వెనక లారీ ఉన్నప్పుడు ఆగితే?

ఎర్రహెల్మెట్
ఈ మధ్య దూరం వెళ్తే ఆగిపోతోంది. మూత తీసి పెడితే మళ్లీ స్టార్ట్ అవుతోంది. ఇదేనా కారణం!

నాలుగోగేరు
ఇదే. మూత తీసినప్పుడు "స్‌స్" అని గాలి పీల్చుకున్న చప్పుడు వస్తే ఇంక అనుమానమే అక్కర్లేదు. ఇవాళే తీసేయండి.

నాన్నబండి98
మొదటి రాత్రి రిపోర్టు. ట్యాప్ ఆఫ్, కార్బ్యురేటర్ ఖాళీ. ట్యాంకు దాదాపు నిండా ఉంది, మొన్నే కొట్టించాను. బయట పెడితే వాసన తెలియదని పాత దుప్పటి కప్పాను. పొద్దున దుప్పటి ఎత్తితే వాసన ఘాటుగా ఉంది. అంటే కార్బ్యురేటర్ కాదా?

కిక్‌రాడ్
నేను వెనక్కి తీసుకుంటున్నాను. కార్బ్యురేటర్ కాదు.

రెంచి12
ఒక్క నిమిషం, ట్యాప్ ఆఫ్ చేసినా లోపల సరిగ్గా ఆగుతోందో లేదో చూడాలి. ట్యాప్ ఆపి, కార్బ్యురేటర్ దగ్గర పైపు ఊడదీసి, కొస చిన్న గాజు సీసాలో పెట్టి పావుగంట ఆగండి. పైపులో మిగిలిన కొద్దిపాటి పెట్రోల్ కారాక ఇంక చుక్క పడకూడదు. పడుతూనే ఉంటే ట్యాప్ లోపలి వాషర్ పోయినట్టు.

నాన్నబండి98
చూశాను. అరగంట ఆగాను. చుక్క పడలేదు.
పైపు మాత్రం బిరుసుగా ఉంది. తెల్ల ప్లాస్టిక్ పైపు, ఇప్పుడు పసుపు రంగుకి తిరిగింది. తీస్తుంటే కొస చిట్లింది.

సైలెన్సర్
అది పెట్రోల్ పైపు కాదు, మామూలు పారదర్శక పైపు. పెట్రోల్ లోపల కనబడుతుందని చాలామంది వేస్తారు. కొన్ని నెలలకే అది కర్రలా అవుతుంది. పెట్రోల్ కోసమే చేసిన రబ్బరు పైపు వేయండి, దాని మీదే ఆ సంగతి అచ్చేసి ఉంటుంది. రెండు కొసలకీ కొత్త క్లిప్పులు పెట్టండి. మీ వాసనకి కారణం ఇది కాకపోయినా, చిట్లిన పైపు ఒక్కరోజు కూడా ఉండకూడదు.

ట్యాప్‌రిజర్వ్
నా అనుభవం కొంచెం వివరంగా చెప్తాను, ట్యాప్ మీద ఇప్పటికీ అనుమానం ఉన్నవాళ్లకి పనికొస్తుంది.

నా బండికీ ఇలాగే చుక్క కనబడని వాసన. కార్బ్యురేటర్ పైభాగం ఎప్పుడూ తడిగా ఉండేది కాబట్టి ఆరునెలలు కార్బ్యురేటర్ చుట్టూనే తిరిగాను. చివరికి ఒకరోజు ట్యాప్ పిడి వెనక గోటితో గీకితే తేనె ఎండినట్టు పసుపు గోధుమ రంగు జిగురు ఊడి వచ్చింది. పెట్రోల్ ఊరి, ఆవిరై, మళ్లీ ఊరి, అలా ఏళ్ల తరబడి మిగిలే బంక అది. పిడి ఉన్న పలక వెనక నాలుగు రంధ్రాల రబ్బరు వాషర్ ఒకటి ఉంటుంది, అది అరిగిపోయింది. అక్కడ ఊరిన పెట్రోల్ పైపు వెంట జారి కార్బ్యురేటర్ మీద చేరేది. కార్బ్యురేటర్ తడిసి కనబడేది కానీ దోషం పైన ఉంది.

అందుకే తడి కనబడిన చోట ఆగకండి. అక్కణ్నుంచి పైకి చూడండి.

నాన్నబండి98
మీరు చెప్పినట్టు గీకి చూశాను. మట్టి తప్ప ఏమీ రాలేదు. మూత వాషర్ మెత్తగానే ఉంది, నిరుడు మార్చాను. ట్యాంకు అతుకుల వెంట కింద వేలితో రుద్దాను, పొడిగా ఉంది. బాగా నిరుత్సాహంగా ఉంది.

రెంచి12
నిరుత్సాహం వద్దు. ఒక్కరాత్రిలో సగం బండిని కేసులోంచి తప్పించారు. కార్బ్యురేటర్ కాదు, నీడిల్ కాదు, ట్యాంకు వైపే. ఇప్పుడు నా రెండో ప్రశ్నకి తిరిగి వద్దాం. కొన్ని రోజులు వాసన లేనట్టే ఉండేది అన్నారు. ఆ రోజుల్లో ట్యాంకులో పెట్రోల్ ఎంత ఉండేది?

నాన్నబండి98
అది అప్పుడు రాసుకోలేదు. కానీ మెకానిక్ దగ్గరికి ప్రతిసారీ ట్యాంకు దాదాపు ఖాళీ చేసుకునే వెళ్లేవాణ్ణి, విప్పేటప్పుడు తేలిగ్గా ఉంటుందని. వచ్చాక రెండు మూడు రోజులు వాసన ఉండేది కాదు. తర్వాత ఫుల్ కొట్టించేవాణ్ణి.

ట్యాప్‌రిజర్వ్
అమ్మయ్య!! దొరికింది దారి.

రెంచి12
అదే నేననుకున్నది. మూడు రిపేర్లు పనిచేసినట్టు అనిపించడానికి కారణం రిపేరు కాదు, ట్యాంకు ఖాళీగా ఉండటం.

ఇప్పుడు బండిని నడపకుండా, ట్యాంకులోంచి రోజుకి రెండు లీటర్ల చొప్పున పెట్రోల్ తీసి మూత గట్టిగా ఉన్న పెట్రోల్ క్యాన్‌లో పోయండి. ఆరుబయటే, చుట్టుపక్కల పొయ్యి, సిగరెట్, ఏదీ లేకుండా. ప్రతి రాత్రీ దుప్పటి కప్పి, పొద్దున వాసన చూడండి. ఏ మట్టం దగ్గర వాసన ఆగుతుందో ఆ మట్టం దగ్గరే రంధ్రం ఉంది. నీళ్ల బిందెకి చిల్లుంటే నీళ్లు ఎక్కడికి దిగి ఆగుతాయో అక్కడే చిల్లున్నట్టు.

సీటుకవరు
బిందె పోలికతో నాకు కూడా అర్థమైంది. ఈ చర్చ చదవడానికే రోజూ వస్తున్నాను.

గాలివాటం
ట్యాంకు పైభాగంలో చిల్లు ఎందుకు పడుతుంది? తుప్పు ఎప్పుడూ అడుగునే పడుతుంది, నీళ్లు పెట్రోల్ కన్నా బరువు కాబట్టి అడుగున చేరతాయి. ఈ లెక్క నాకు నప్పడం లేదు.

సైలెన్సర్
మీ లెక్క తుప్పు వరకు నిజమే. కానీ ట్యాంకు ఆకారం గుర్తు తెచ్చుకోండి. గుర్రం మీద జీనులా రెండు పక్కలకీ దిగి ఉంటుంది, మధ్యలో ఛాసిస్ పైపు, అంటే బండి చట్రం గొట్టం, పోవడానికి సొరంగం. ఆ సొరంగం కప్పు ట్యాంకుకి అడుగే, కానీ ఎత్తులో చూస్తే మధ్యకి వస్తుంది. అక్కడ దెబ్బ తగిలితే ట్యాంకు సగానికి పైన ఉన్నప్పుడే కారుతుంది. ట్యాంకు విప్పితే తప్ప కనబడదు కూడా.

నాన్నబండి98
నాలుగు రాత్రుల లెక్క, 10 లీటర్ల ట్యాంకు.
9 లీటర్లు: వాసన ఘాటుగా.
7 లీటర్లు: అంతే.
5 లీటర్లు: చాలా కొద్దిగా, ఉందా లేదా అన్నట్టు.
3 లీటర్లు: అసలు లేదు.

రెంచి12
సైలెన్సర్ గారి సొరంగమే నా పందెం కూడా. ట్యాంకు విప్పండి. మూడు లీటర్లు ఉన్నాయి కాబట్టి తేలిగ్గా వస్తుంది. ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీయండి. ట్యాంకు ఎత్తగానే దేన్నీ తుడవకండి, ఛాసిస్ పైపుని అలాగే ఫొటో తీయండి. దుమ్ము మీద పెట్రోల్ పారిన చోట శుభ్రంగా చార పడి ఉంటుంది. ఆ చార మనకి సాక్ష్యం.

చోక్‌లాగు
ట్యాంకు ముందువైపు, అది ఆనుకుని కూర్చునే రబ్బరు బుష్‌లు ఎలా ఉన్నాయో కూడా చూడండి. పాత బళ్లకి అవి నలిగి పలచబడితే ట్యాంకు కిందికి కూర్చుని ఛాసిస్‌కి తగులుతుంది. ట్యాంకు మీద చెయ్యి పెట్టి ఊపితే టక్ టక్ అంటోందా?

నాన్నబండి98
అంటుంది! గతుకుల్లో కూడా అంటుంది. హెడ్‌లైట్ అనుకునేవాణ్ణి.
ఆదివారం విప్పుతాను.

నాన్నబండి98
దొరికింది.

రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి, కొంచెం పెద్దగా రాస్తాను. ట్యాంకు ఎత్తగానే ఛాసిస్ పైపు మీద దుమ్ము మధ్యలో వేలెడు వెడల్పున చార. హ్యాండిల్ దగ్గర మొదలై వెనక సీటు కిందిదాకా వెళ్లి అక్కడ ఆగిపోయింది. చార చుట్టూ పసుపు బంక. పెట్రోల్ ఛాసిస్ వెంట వెనక్కి పారి, కిందికి చేరకముందే ఆవిరైపోతోంది. అట్టముక్క మీద చుక్క ఎందుకు పడలేదో ఇప్పుడు తెలిసింది.

రెంచి గారు చెప్పకపోయినా ఇంకో పని చేశాను. ట్యాప్ బిగించే ఉంది కదా, ట్యాంకుని ఆరుబయట నీడలో రెండు చెక్క దిమ్మల మీద నిలబెట్టి మళ్లీ నిండా పోశాను. సొరంగం కప్పు శుభ్రంగా తుడిచి, పిల్ల పౌడర్ దూదితో పలచగా అద్దాను. కింద పడుకుని చూస్తూ ఉన్నాను. పది నిమిషాలు తెల్లగానే ఉంది. తర్వాత ముందువైపు ఒక చోట ఆవగింజంత చుక్క నల్లబడింది. చూస్తుండగానే కందిగింజంత అయింది. వేలితో తుడిస్తే కింద రంగు లేని మెరిసే గీత, దాని మధ్యలో గుండుసూది మొనంత రంధ్రం.

ఆ గీత ఎదురుగా ఛాసిస్ మీద ఏముందో తెలుసా? వైరింగ్‌ని పట్టి ఉంచే రేకు క్లిప్పు. దాని అంచు పైకి లేచి ఉంది. చోక్‌లాగు గారన్నట్టే ముందు బుష్‌లు రెండూ అట్టల్లా అయ్యాయి. ట్యాంకు కిందికి దిగి, ఆ క్లిప్పు అంచు మీద ఏళ్ల తరబడి రాసుకుంది. క్లిప్పు కింద వైర్ల మీద చుట్టిన టేపు కూడా అరిగిపోయి లోపల ఎర్ర వైరు బయటపడింది. పెట్రోల్ తడి సరిగ్గా దాని మీదే.

రెంచి12
ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివాను. ఎర్ర వైరు అంటే బహుశా బ్యాటరీ నుంచి వచ్చేదే. తాళం తీసేసినా తాళం స్విచ్ వరకు దానిలో కరెంటు ఉంటుంది. ఇంకొంచెం అరిగి రాగి బయటపడి ఛాసిస్‌కి తగిలి ఉంటే... ట్యాంకు మళ్లీ ఎక్కించే ముందు ఆ వైరింగ్ మొత్తం, హ్యాండిల్ నుంచి సీటు దాకా, టేపు విప్పి చూసుకోండి. బ్యాటరీ దగ్గర ఫ్యూజు సరైన రేటింగ్‌దే ఉందా, ఎవరైనా తీగ ముక్క పెట్టారా అదీ చూడండి.

కిక్‌రాడ్
మూడు నెలలు కార్బ్యురేటర్ విప్పారు, దోషం రేకు క్లిప్పుది! పౌడర్ పద్ధతి నేను దాచుకుంటున్నాను.

నాన్నబండి98
ఫ్యూజు సరైనదే ఉంది. వైరింగ్‌లో ఇంకోచోట కూడా టేపు అరిగింది, రెండూ కొత్త టేపు చుట్టి పైన రబ్బరు గొట్టం తొడిగాను. ఇప్పుడు రంధ్రం సంగతి. దగ్గర్లో వెల్డింగ్ చేసే ఆయన ఉన్నారు, ట్యాంకు ఖాళీ చేసి తీసుకెళ్లనా?

రెంచి12
వద్దు. దయచేసి వద్దు. నిండా పెట్రోల్ ఉన్న ట్యాంకుకన్నా ఖాళీ చేసిన ట్యాంకు ప్రమాదం. పెట్రోల్ పోతుంది, ఆవిరి మిగులుతుంది, దాంతో గాలి కలుస్తుంది. మంట తగిలితే బాంబులా పేలుతుంది. ట్యాంకులు వెల్డింగ్ చేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ట్యాంకు పనే చేసేవాళ్లయితే వేడినీళ్లు, డిటర్జెంట్‌తో మళ్లీ మళ్లీ కడిగి, లోపల కార్బన్ డయాక్సైడ్ లాంటి మండని గ్యాస్ నింపి, అప్పుడు ఇత్తడితో అతుకుతారు. మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "మంట పెట్టే ముందు లోపల ఏం చేస్తారు?" దానికి నీళ్లు నమిలితే ట్యాంకు తీసుకుని వచ్చేయండి.

ట్యాప్‌రిజర్వ్
గుండుసూది రంధ్రానికి మంట ఎందుకు? పెట్రోల్‌కి తట్టుకునే రెండు ట్యూబుల ఎపాక్సీ దొరుకుతుంది. చుట్టూ రంగు గీకి మెరిసే రేకు దాకా తెచ్చి, థిన్నర్‌తో తుడిచి, పలచటి రేకు ముక్క పెట్టి దాని మీద వేస్తే ఏళ్లు నిలుస్తుంది. నాది నిలిచింది.

సైలెన్సర్
ఇక్కడ నేను ఒప్పుకోను. తుప్పు పట్టిన చోట ఎపాక్సీ వేస్తే పక్కనే ఇంకో రంధ్రం పడుతుంది. ముందు రేకు గట్టిగా ఉందో లేదో తేల్చుకోవాలి.

ట్యాప్‌రిజర్వ్
ఈయనది తుప్పు కాదు కదా, రాపిడి. చుట్టూ రేకు బాగుంటే సరిపోతుంది.

సైలెన్సర్
అది నిజమే. నాన్నబండి గారూ, రంధ్రం చుట్టూ స్క్రూడ్రైవర్ మొనతో కొద్దిగా నొక్కి చూడండి. ఎక్కడా మెత్తగా లోపలికి పోకూడదు. మూత తీసి లోపల కూడా చూడండి. నిప్పు, మొబైల్ ఫ్లాష్ కాదు, ట్యాంకు కడిగి ఆరబెట్టాక మంచి బ్యాటరీ లైటుతో.

ఎర్రహెల్మెట్
దారిలో ట్యాంకు కారితే ఇంటిదాకా రావడానికి స్నానం సబ్బు రుద్దాలంటారు, నిజమేనా?

రెంచి12
నిజం. సబ్బు పెట్రోల్‌లో కరగదు, అందుకే కాసేపు పట్టి ఉంచుతుంది. ఇంటిదాకా చేరడానికే, ఆ తర్వాత వారాల తరబడి దాని మీద తిరగడానికి కాదు. మీ మూత ఎపాక్సీ తీశారా?

ఎర్రహెల్మెట్
తీశానండీ. సన్నటి తీగతో రంధ్రం శుభ్రం చేశాను. నిన్న అరవై కిలోమీటర్లు ఆగకుండా వెళ్లాను.

నాన్నబండి98
లోపల శుభ్రంగా ఉంది, అడుగున కొంచెం ఎర్రటి పొడి తప్ప. చుట్టూ రేకు గట్టిగా ఉంది. చివరికి ట్యాంకుల పని మాత్రమే చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. రెంచి గారి ప్రశ్న అడిగాను. ఆయన నవ్వి, నాలుగుసార్లు వేడినీళ్లతో కడిగి, గ్యాస్ నింపి, నన్ను దూరంగా నిలబెట్టి ఇత్తడితో అతికారు. తర్వాత నీళ్లు నింపి ఒక రాత్రి ఉంచారు. చుక్క ఊరలేదు. బాగా ఆరబెట్టి ఇచ్చారు.

కొత్త బుష్‌లు వేశాను. ట్యాంకుకీ క్లిప్పుకీ మధ్య ఇప్పుడు నా బొటనవేలు దూరుతోంది. ఆ రేకు క్లిప్పు తీసేసి రబ్బరు పట్టీ పెట్టాను. పెట్రోల్ పైపు కూడా కొత్తది.

నిండా కొట్టించాను. నాలుగు రాత్రులు దుప్పటి కప్పి చూశాను, వాసన లేదు. ఐదో రాత్రి మా ఆవిడ చేత దుప్పటి ఎత్తించాను, నా ముక్కు మీద నాకే నమ్మకం లేక. "ఏమీ లేదు, పాత దుప్పటి వాసన తప్ప" అంది. బండి అమ్మే మాట ఇంక ఇంట్లో లేదు. మోటారు స్విచ్ మాత్రం ఆ గదిలోంచి బయటికి మార్పించాను.

చోక్‌లాగు
ఆ టక్ టక్ చప్పుడు?

నాన్నబండి98
అదీ పోయింది. గతుకుల్లో బండి కొత్తగా అనిపిస్తోంది.

సీటుకవరు
మా తమ్ముడి బండికి కూడా నిండా కొట్టించిన రెండు రోజులే వాసన వస్తుందని ఇప్పుడే అన్నాడు. అది లోపలి గదిలో ఉంది. రేపు పొద్దున ట్యాంకు విప్పి పౌడర్ అద్ది చూద్దామనుకుంటున్నాం.

రెంచి12
విప్పడం రేపు చూసుకోవచ్చు. బండిని ఇప్పుడే బయటికి తెచ్చేయండి.

సీటుకవరు
తెచ్చేశామండీ. తలుపులు తెరిచి పెట్టాం.